ఉత్తినే ఆగిన చుక్కాని

సింధియా దాటాక, డ్రైడాక్ అడుగున,
నీళ్లు తోడేసిన గుంటలో ఓడ నిలబడి ఉంది
చొక్కా విప్పి డాక్టరు ముందు నిల్చున్న పెద్దమనిషిలా.
పదకొండు టన్నుల చుక్కాని
నాలుగు చైన్ పుల్లీల మీద గాల్లో.
రాత్రి రెండున్నర.
డాల్ఫిన్ నోస్ మీది దీపం
ఒకసారి ఇటు చూసి తల తిప్పుకుంటోంది,
మళ్లీ చూస్తోంది.

నేను కొత్త. చేతిలో డ్రాయింగు,
తలలో ఇంకా కాలేజీ మార్కులు.
కిందటి నెల ఏసీ హాల్లో
కళ్లకు గంతలు కట్టి
ఒకరి చేతుల్లోకి ఒకర్ని వెనక్కి పడమన్నారు,
నమ్మకం నేర్చుకోడానికట.
నన్ను పట్టుకున్నాయన
మర్నాడు లిఫ్టులో నన్ను గుర్తుపట్టలేదు.

ఇక్కడ గంతల్లేవు.
ఎడమ పుల్లీ దగ్గర దాలినాయుడు,
కుడి పుల్లీ దగ్గర మైలపల్లి ఎల్లాజీ.
చీటీ డబ్బుల దగ్గర తేడా వచ్చి
రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.
క్యాంటీన్లో ఒకే బల్ల దగ్గర కూర్చోరు.
ఒకడి బీడీకి ఇంకొకడు నిప్పివ్వడు.
అయినా, దాలినాయుడి గొలుసు ఒక మూర కదిలితే
ఎల్లాజీ గొలుసు ఒక మూరే కదులుతుంది,
చూడకుండానే,
అవతలి కిర్రు విని ఇవతల కిర్రు.
పగ వేరు, పని వేరు అనుకోబోయాను.
అంత తేలిక మాటా కాదది.
ఎదుటివాడి వేలు నలగకూడదన్న లెక్క
ఇద్దరి అరచేతుల్లోనూ కాయ కట్టి ఉంది.

వెనక రహమతుల్లా, గవరయ్య.
అందరి కళ్లూ మేస్త్రీ జగన్నాయకులు చేతి మీద.
ఆ చేతికి రెండు వేళ్లు లేవు.
ఉన్న మూడింటితోనే మాట్లాడతాడు.
బొటనవేలు కిందికంటే, దించు.
అరచెయ్యి గాలిని నిమిరితే,
మెల్లగా, పసిదాన్ని ఉయ్యాల్లో వేస్తున్నట్టు.
గుప్పిట, ఆగు.

పిన్నుకీ కన్నానికీ మధ్య జానెడు,
బెత్తెడు,
మూడు వేళ్లు...

"ఆపండి బాబో!"

అరిచింది అసిరి.
గ్రీజు డబ్బా మోసే కుర్రాడు,
కాంట్రాక్టరు రిజిస్టర్లో వాడి పేరు
ఇంకా పెన్సిల్‌తోనే ఉంది.

గుప్పిట బిగిసింది.
నాలుగు గొలుసులూ నిలిచాయి.
ఎందుకని ఎవ్వరూ అడగలేదు.
ముందు ఆగారు.

"కన్నంలో ఏటో మెరిసినట్టుంది మేస్త్రీ."
టార్చి వేశారు. వేళ్లు పెట్టి తడిమారు.
ఏమీ లేదు.
గ్రీజు మీద లైటు పడింది, అంతే.
పదిహేడు నిమిషాలు.
తెల్లారేసరికి గుంటలోకి నీళ్లు వదలాలి.
నేను గడియారం చూసి
వాడి మీద అరవడానికి నోరు తెరిచాను.

జగన్నాయకులు ముందే అందుకున్నాడు:
"ఒరే అసిరీ, పనైపోతే నీకు టీ, బన్నూ. నా కాతాలో."

"ఏమీ లేదు కదా మేస్త్రీ?"

తక్కువ వేళ్ల చేత్తో గడ్డం గోక్కున్నాడు.
"ఈ పాలి ఏటీ నేదు బాబూ.
ఉత్తినే ఆపినోణ్ని తిట్టేమనుకో,
నిజంగా ఆపాల్సిన్నాడు ఆడు నోరెత్తడు.
నా ఏళ్లు తెగిన్నాడూ ఒకడు సూసేడు.
అరవనేదు.
కొత్తోడు మరి, బయ్యం."

ఆ కొత్తోడెవరో చెప్పలేదు.
కుడి పక్కన ఎల్లాజీ
గొలుసు లింకులు లెక్కపెడుతున్నట్టు
తల వంచుకుని నిల్చున్నాడు.

నాలుగింటికి చుక్కాని కూర్చుంది,
ఇంటికొచ్చిన మనిషి కుర్చీలో కూర్చున్నంత మెత్తగా.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
గేటు బయట టీ బండి,
దాని రేకు మీద కూడా పోర్టు ఎర్రదుమ్ము.

నా జేబులో ఒక కాగితం ఉంది.
రెండు రోజులుగా నన్ను కొరుకుతున్న కొలత.
తప్పేమోనని అనుమానం,
అడిగితే నవ్వుతారని భయం,
నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాను.
గ్లాసు సగమయ్యాక విప్పాను.
"మేస్త్రీ, ఇది ఒకసారి చూడండి.
ఉత్తిదే కావచ్చు."

మూడు వేళ్లు కాగితాన్ని అదిమి పట్టాయి.
ఎల్లాజీ వంగాడు.
అవతల్నించి దాలినాయుడూ వంగాడు.
రెండు తలలు తగలబోయి ఆగాయి.
మాటల్లేవు.
ఇంకా చీకటే.
నోట్లో బన్నుతో అసిరి
టార్చి పట్టుకున్నాడు.